సగం గడ్డం

ముక్కు మొదట్లో టేపు ఆనించి, నడినెత్తి మీదుగా మెడ వెనక ఎముక దాకా లాగి, దాన్ని సగానికి మడిచి, సరిగ్గా నడుమ నీలం సిరాతో చుక్క పెట్టాడు చిన్నోడు. అక్కణ్ణుంచి చెవుల వైపు చెరో చుక్క, వెనక ఇంకో రెండు. తర్వాత ఒక్కో చుక్క చుట్టూ తడి దూదితో అద్ది, చొక్కా బొత్తామంత మేర జుట్టు గొరగడం మొదలుపెట్టాడు. మెదడు పరీక్షకి పెట్టే తీగల చివర ఉండే బిళ్ళలు అతుక్కోవాలంటే చర్మం నున్నగా ఉండాలి. ఒక్క వెంట్రుక అడ్డం పడినా యంత్రంలో గీత పిచ్చిగా గెంతుతుంది.

కుర్చీలో ఉన్నాయన ఒకప్పుడు పటాలంలో బూర ఊదేవాడు. అందరూ బూరాయన అనే అంటారు.

"ఎలుకలు కొరికిన దుప్పటిలా తయారుచేశావు కదరా నా తలని," అన్నాడు అద్దంలోకి చూస్తూ.

"పెళ్ళిచూపులకేమైనా వెళ్ళాలా బాబాయ్?"

"వెళ్దామనే ఉంది. నీ చేతి చలవ, ఒక్క సంబంధమూ కుదిరి చావట్లేదు."

ఆయన నవ్వుతుంటే తల కదిలింది. చిన్నోడు కత్తి పైకెత్తి, నవ్వు ఆగేదాకా ఉన్నాడు. బూరాయన నుదుటి మీద ప్లాస్టరు ఉంది. మొన్న స్నానాల గదిలో పడ్డాడు. ఈమధ్య కాళ్ళు తన మాట వినడం లేదంటున్నాడు. మెడ మీద చెమట పడుతుంటే చిన్నోడు తువ్వాలుతో అద్దాడు. కొన్నాళ్ళుగా ఈ కుర్చీలో కూర్చున్న చాలామంది తలలు ఇలాగే చెమర్చి ఉంటున్నాయి. గదిలో గాలాడక కాబోలు అనుకుని, ఉన్న ఒక్క కిటికీ తెరిచి పెట్టుకుంటున్నాడు.

అరవై దగ్గరపడుతున్నా అతను చిన్నోడే. వాళ్ళన్నయ్య పిలిచే పిలుపు అది. అన్నయ్య నోటి నుంచి ఆయమ్మలకీ, వాళ్ళ నుంచి రోగులకీ పాకి, చివరికి జీతాలిచ్చే గుమాస్తా కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాడు.

ఆ భవనం సైనిక ఆసుపత్రి వెనక భాగంలో ఉంటుంది. యుద్ధాల్లో తలకి దెబ్బ తగిలి ఇంటికొచ్చినవాళ్ళ కోసం ఎవరో పుణ్యాత్ములు ట్రస్టు పెట్టారు. విరాళాలిచ్చినవాళ్ళ పేర్లు గుమ్మం పక్కన రాతిపలక మీద చెక్కి ఉంటాయి. డాక్టర్లు ఇక్కడ కొత్త మందులు ఇచ్చి చూస్తారు. డాక్టరీ చదివే పిల్లలు గుంపులుగా వచ్చి నేర్చుకుంటారు. లోపల పరిశోధనలో ఏం తేలుతోందో చిన్నోడికి తెలియదు. అతనికి తెలిసినవి తలలు. ఎవరికి ఎక్కడ సొట్ట, ఎవరికి ఏ పక్క లోహపు రేకు, ఎవరి కుట్ల మీద కత్తి ఆనించకూడదు, ఇవన్నీ చేతివేళ్ళకి తెలుసు.

బూరాయన లేచి, కుర్చీ చెయ్యి పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"ఇవాళ మీ అన్నకి పరీక్ష కదా?"

"అవును బాబాయ్."

"బండి కూడా వచ్చింది. పెరట్లో ఆపారు. ఎవరికోసమో."

చిన్నోడు నేల మీది జుట్టు ఊడ్చాడు. బండి వచ్చిన సంగతి పొద్దున వచ్చేటప్పుడే చూశాడు. చూడనట్టు పక్కనుంచి వచ్చేశాడు.

మూడు నెలలకోసారి, తీగల పరీక్షతో పాటు జరిగే జ్ఞాపకశక్తి పరీక్ష అది. తమకిచ్చే మందేమిటో, ఎందుకిస్తున్నారో అర్థం చేసుకుని సరేనని చెప్పగలిగినవాళ్ళనే ట్రస్టు ఉంచుకుంటుంది. ఆ తెలివి జారిపోయినవాళ్ళ మీద మందులు ప్రయోగించకూడదు. మంచి నియమమే. కాని పరీక్ష తప్పినవాళ్ళని ఆ తెల్లబండి తీసుకుపోతుంది. రాత్రంతా రైల్లో వెళితే వచ్చే ఊళ్ళో సర్కారు శరణాలయం ఉంది. అక్కడికెళ్ళినవాళ్ళ దగ్గర్నుంచి ఒక్క కబురు రావడం చిన్నోడు చూడలేదు. ఒకసారి అక్కడ బార్బర్ పని దొరుకుతుందా అని కనుక్కున్నాడు. అక్కడ గొరిగే పని కూడా మాజీ సైనికులకే ఇస్తారట. అన్నని తన గదిలో పెట్టుకుందామనీ చూశాడు. ఒకరోజు తను పనిలో ఉండగా అన్న స్టవ్ వెలిగించి, దాని మీద దిండు పెట్టి, రైలు పట్టాల వెంట నడుచుకుంటూ పోయాడు.

ఆయమ్మ అన్నని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆరడుగుల మనిషి. భుజాలు ఇప్పటికీ నిటారుగానే ఉంటాయి. ఎడమ చెవి పైన నొక్కినట్టుండే గుంట.

"ఇదిగో మీ పెద్దమనిషి. పొద్దున రొట్టె జేబులో పెట్టుకుని, సబ్బు తినబోయాడు," అంది ఆయమ్మ.

"సబ్బు బాగుందా అన్నయ్యా?"

"ఉప్పు తక్కువైంది," అన్నాడు అన్న గంభీరంగా.

ఆయమ్మ పకపకా నవ్వుతూ వెళ్ళిపోయింది. చిన్నోడు తలుపు దగ్గరగా వేశాడు.

తండ్రి పోయాక వీధి చివర కొట్టు నడిపింది అన్నే. పీట వేసి ఎక్కించి తమ్ముడికి కత్తెర పట్టడం నేర్పింది అన్నే. కొట్టు మీద ఇద్దరి కడుపులూ నిండవని తేలాక ఒక తెల్లవారుజామున సైన్యంలోకి వెళ్ళిపోయాడు. చిన్నోడు లేచేసరికి మంచం ఖాళీగా ఉంది. కొట్లో కుర్చీ చేతి మీద, నాలుగు మడతలు పెట్టిన తడి తువ్వాలు ఉంది. వెళ్ళేముందు అన్న తన గడ్డం తనే చేసుకుని వెళ్ళాడు. లేపి చెప్పి ఉంటే ఏడ్చేవాడేమో, కాళ్ళు పట్టుకునేవాడేమో. కాని లేపలేదన్న బాధ ఆ పిల్లవాడిలో ఎక్కడో ఉండిపోయింది. పెళ్ళయినా, ఆ భార్య పురిట్లో పోయినా, కొట్టు మూతపడినా అది కదల్లేదు.

సైన్యంలోనూ అన్న కత్తెరే పట్టాడు. సెలవు మీద వచ్చినప్పుడు, యుద్ధంలో ఎంతమంది తలలు తీశావురా అని ఎవరైనా అడిగితే, "తియ్యలేదు. గొరిగి వదిలేశాను," అనేవాడు. ఒకరోజు గుడారంలో ఎవరికో జుట్టు కత్తిరిస్తుండగా ఫిరంగి గుండు పడింది. కుర్చీలో ఉన్నతను అక్కడే పోయాడు. వెనక నిలబడ్డ అన్న తలలో ఇనప ముక్క దిగింది. దాన్ని తీశారు గాని, దాంతోపాటు మెల్లగా, ఏళ్ళ తరబడి, ఇంకేవేవో పోతూ వచ్చాయి. అన్నని ఈ ట్రస్టులో చేర్చిన నెలలోనే చిన్నోడు ఇక్కడ పని సంపాదించుకున్నాడు.

టేపు పెట్టాడు. చుక్కలు పెట్టాడు. తర్వాత పెద్ద కత్తెర తీసి, జుట్టుకి దూరంగా, గాల్లో ఆడించాడు.

కచక్.

"తాళం," అన్నాడు అన్న.

కచక్.

"నది."

కచక్.

"దుప్పటి. కాకి. నిమ్మకాయ."

"ఒక్కో చప్పుడికి ఒక్కటే అన్నయ్యా. తొందరపడకు."

పక్కగదికీ ఈ గదికీ మధ్య ఉన్నది చెక్క అడ్డుగోడ. పరీక్ష ఆ గదిలోనే. అవతల అడిగేవన్నీ ఏళ్ళ తరబడి ఇవతల వినిపిస్తూనే ఉన్నాయి. ముందు ఐదు మాటలు చదివి వినిపిస్తారు. తర్వాత గడియారం బొమ్మ గీయమంటారు. ఎక్కాలు అడుగుతారు. చివర్లో, ఇందాకటి ఐదు మాటలేవి అంటారు. ఆ ఐదూ ఎప్పుడూ అవే. మాటలు మారిస్తే పాత మార్కులతో పోల్చడం కుదరదట. ఒక వానాకాలం అన్న ఒక్క మాటా చెప్పలేక బయటికొచ్చాడు. ఇంకోసారి ఇలాగే అయితే పంపించెయ్యాలని అడ్డుగోడ అవతల ఎవరో అనడం చిన్నోడు విన్నాడు. ఆ మర్నాటి నుంచే మొదలుపెట్టాడు. మామూలుగా చెబితే అన్నకి నిలవలేదు. కత్తెర చప్పుడుతో కలిపి చెబితే నిలిచింది. అన్నలో మిగిలిన చోటేదో ఆ చప్పుడు దగ్గరే ఉన్నట్టుంది.

"ఇవాళ ఏ రోజు?"

అన్న అద్దంలో తనని తాను చూసుకుని, ఎవరో పెద్దమనిషి అనుకుని తల వంచి పలకరించాడు.

"పోనీలే. ఐదూ చెప్పు చాలు. అవి చెబితే మనం ఇక్కడే ఉంటాం."

"ఉంటాం," అన్నాడు అన్న.

పరీక్ష పెట్టే అమ్మాయి కొత్తది. ఉద్యోగంలో చేరి వారం కాలేదు. గుమ్మంలో నిలబడి, "రండి తాతగారూ," అంది. అన్న లేచి, కుర్చీని తువ్వాలుతో ఒకసారి దులిపి, ఆమె వెంట వెళ్ళాడు. చిన్నోడు అడ్డుగోడ పక్కన స్టూలు మీద కూర్చుని కత్తి నూరుతున్నట్టు చేతులు కదిపాడు.

"సౌకర్యంగా ఉందా తాతగారూ? కిటికీ వెయ్యమంటారా?"

"వద్దమ్మాయ్. గాలి రానీ."

"సరే అయితే. మీకు ఐదు మాటలు చెబుతాను, జాగ్రత్తగా..."

టిక్ మంది పెన్ను. రాయడానికి ముల్లు బయటికి తీసిన చప్పుడు. ఇన్నాళ్ళూ పరీక్ష పెట్టిన ముసలాయన పెన్సిలుతో రాసేవాడు.

"తాళం," అన్నాడు అన్న.

ఆ అమ్మాయికి ఏం చేయాలో తోచక కాబోలు, పెన్ను మళ్ళీ నొక్కింది.

"నది."

టిక్.

"దుప్పటి."

చిన్నోడి చేతిలో కత్తి ఆగిపోయింది. నోరు తెరిచి, ఆపు అన్నయ్యా అని అరవాలనిపించింది.

"కాకి. నిమ్మకాయ," అన్నాడు అన్న, చప్పుడు కోసం ఆగకుండా. తర్వాత ఎంతో సంతోషంగా, "ఇక్కడే ఉంటాం," అన్నాడు.

కుర్చీ జరిగింది. అమ్మాయి అడుగులు వసారా వెంట, ఈ మందుల పని చూసే డాక్టరమ్మ గది వైపు వెళ్ళాయి. పరుగెత్తలేదు. పాపం, నడిచే వెళ్ళింది.

డాక్టరమ్మ వచ్చి కోపగించుకుంటుందనుకున్నాడు చిన్నోడు. ఆమె లోపలికొచ్చి తలుపు వేసి, రోగులు కూర్చునే కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో ఆమెని ఎప్పుడూ చూడలేదు. తల వెనక నెరిసిన జుట్టు అద్దంలో కనిపించింది.

"ఎన్నాళ్ళ నుంచి చెప్పిస్తున్నారు?"

"మొన్నటి వానలకి కాదమ్మా. అంతకు ముందు వానలకి."

"ఒక్క మాట నాతో అనాల్సింది."

"అంటే ఉంచేవారా అమ్మా?"

ఆమె అబద్ధం చెప్పలేదు. ఉంచేదాన్నని అనలేదు. గోడకి తగిలించిన తువ్వాళ్ళ వైపు చూస్తూ కూర్చుంది.

"తప్పు నాది. వాడికేం తెలియదు. నా పని తీసెయ్యండి, వాణ్ణి ఉంచండి," అన్నాడు చిన్నోడు.

"పని గురించి కాదు," అందామె. "పోయినేడు ఈ మందు ఆపేద్దామా అని మేమంతా కూర్చుని మాట్లాడుకున్నాం. కొందరికి ఒళ్ళు తూలుతోంది, చెమటలు పడుతున్నాయి. కాని మీ అన్నయ్య మార్కులు చూశాం. ఒక్క మనిషికైనా జ్ఞాపకం తిరిగొస్తోంది కదా అనుకున్నాం. ఆయన్ని చూసే మిగతావాళ్ళకి కొనసాగించాం."

చిన్నోడు చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. పొడిగానే ఉన్నాయి. మళ్ళీ తుడుచుకున్నాడు.

"బూరాయన పడ్డది..."

"దీనివల్ల కావచ్చు. కాకపోవచ్చు. అదే చూడాలి ఇప్పుడు. ఈ సాయంత్రం నుంచి అందరికీ మందు ఆపుతున్నాం. రేపు అందరికీ మళ్ళీ తీగల పరీక్ష. తలలు మీరే సిద్ధం చెయ్యాలి. ఇంకెవరికీ చేతకాదు."

పొమ్మని ఉంటే బాగుండుననిపించింది అతనికి.

ఆమె లేచింది. పై హాల్లో చదువుకునే పిల్లలు ఎదురుచూస్తున్నారు. పరీక్ష అవగానే అన్నని వాళ్ళ ముందు కూర్చోబెట్టి, మందు పనిచేసిన మనిషి ఇలా ఉంటాడని చూపించాలని అనుకున్నారు. పోయినసారి అలాగే చూపించారు. పిల్లలు చప్పట్లు కొడితే అన్న లేచి సెల్యూట్ చేశాడు.

"వాళ్ళకి ఇవాళ వేరే పాఠం చెప్పాలి," అని, గుమ్మం దగ్గర ఆగింది. "బండి మధ్యాహ్నం బయల్దేరుతుంది. అక్కడ ఒక మంచం ఖాళీగా ఉందని ఫోన్ చేసి కనుక్కున్నాను. వచ్చే నెలకి ఉంటుందో లేదో. ఇవాళే మంచిది."

"నేను బండిలో అక్కడిదాకా..."

"అది స్టేషన్‌కే వెళుతుంది. అక్కణ్ణుంచి వాళ్ళ మనుషులు తీసుకెళతారు. మీరు నెల తిరిగాక చూడ్డానికి వెళ్ళండి. వెంటనే వెళితే నిలవలేరు."

అన్న నిలవలేడంటోందో, తను నిలవలేడంటోందో అతను అడగలేదు.

ఆయమ్మ అన్న బట్టలు సంచిలో సర్దింది. రెండు చొక్కాలు, చెప్పులు, పతకం ఉన్న చిన్న డబ్బా. సంచీనీ అన్ననీ చిన్నోడి గదిలో వదిలి, ముక్కు చీదుకుంటూ వెళ్ళింది. వాన తుంపర మొదలైంది. కిటికీలోంచి బండి వెనక తలుపులు కనిపిస్తున్నాయి. అవి తెరిచే ఉన్నాయి.

చిన్నోడు సంచి మూతి ముడివేసి, విప్పి, మళ్ళీ వేశాడు. రొట్టె తింటావా అన్నాడు. చలేస్తోందా అన్నాడు. అన్న గదంతా కలయజూసి, కుర్చీ వెనక్కి నడిచాడు. తువ్వాలు తీసి కుర్చీని దులిపాడు. ఒకసారి అటు, ఒకసారి ఇటు.

"రండి. కూర్చోండి," అన్నాడు.

చిన్నోడు వెనక ఎవరైనా వచ్చారేమోనని తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"మిమ్మల్నే. బాగా పెరిగింది గడ్డం."

అతను వెళ్ళి కూర్చున్నాడు. అన్న తువ్వాలు మెడ చుట్టూ కప్పి, వెనక దోపాడు. మరీ బిగించలేదు, వదులుగానూ వదల్లేదు. కప్పులో సబ్బు వేసి కుంచెతో గిలక్కొట్టాడు. నురుగు పలచగా ఉంటే ఇంకొంచెం తిప్పాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడం మరిచిపోయిన చేతులు అవి. నురుగు పూశాక గోడ మీది పొడుగు కత్తి తీసి, అరచేతి మీద రెండు వైపులా తిప్పి చూశాడు.

ఆ కత్తి అన్న చేతికివ్వకూడదని చిన్నోడికి తెలుసు. గడ్డం పైకెత్తి గొంతు చాచాడు. అటో ఇటో, ఏమైతే అది కానీ అనుకున్నాడు. కత్తి చెవి కిందనుంచి ఎక్కడా ఆగకుండా, గీరుకోకుండా దిగింది.

"ఏ పటాలం మీది?"

"పటాలం కాదండీ. నేనూ ఈ పనే."

"ఓహో, మనవాడివే! మా తమ్ముడూ ఇదే పని. వెధవకి ఇంకా చెయ్యి తిరగలేదు. చెవి దగ్గర గీత వంకర పోతుంది."

"ఇప్పుడు బాగానే చేస్తున్నాడట."

"ఎవరన్నారు?"

"అనుకుంటున్నారండీ."

"అనుకుంటారు, మొహమాటానికి." అన్న కత్తిని తువ్వాలుకి తుడిచాడు. "మాట్లాడకు. బుగ్గ కదులుతోంది."

కుడి చెంప పూర్తయింది. వేలితో ఒకసారి నిమిరి చూశాడు. చిన్నప్పుడు పీట మీద నిలబెట్టి, నున్నగా అంటే ఇదీ అని తమ్ముడి చెంప మీద రాసి చూపించిన వేలే అది.

"వాడు నాకోసం చూస్తుంటాడు," అన్నాడు అన్న ఉన్నట్టుండి. "చెప్పకుండా వచ్చేశాను. నిద్రపోతున్నాడు. లేపితే నేను వెళ్ళగలనా? చాలాసేపు పక్కనే నిలబడ్డాను. వాడు లేవలేదు."

చిన్నోడు మాట్లాడలేదు. బుగ్గ కదులుతుందని కాదు.

బండి తోలేవాడు గుమ్మంలోకొచ్చి, తడిసిన టోపీ తీసి, "ఇక బయల్దేరాలండీ," అన్నాడు.

అన్న కత్తి పక్కకి తీశాడు. తొందరపడలేదు. చిన్నోడి మెడ చుట్టూ ఉన్న తువ్వాలు విప్పి, కత్తికి అంటిన నురుగు దాంతో తుడిచి, కత్తి మూసి, తువ్వాలుని కుళాయి కింద జాడించి, పిండీ పిండకుండా మడతలు పెట్టి కుర్చీ చేతి మీద ఉంచాడు. సంచి తనే ఎత్తుకున్నాడు.

"సగమే అయింది," అన్నాడు కస్టమరుతో అన్నట్టు. "మిగతాది మా చిన్నోడు చేస్తాడు. ఇక్కడే ఉంటాడు."

చిన్నోడు వెంట వెళ్ళాడు. బండి ఎక్కేటప్పుడు అన్న మోచెయ్యి పట్టుకున్నాడు. అన్న సాయం చేసినవాడికి తల ఊపి, బల్ల మీద కూర్చుని, ఎదురుగా ఉన్న రేకు గోడ వైపు చూడసాగాడు. తలుపులు వేశారు. వెళ్ళేవాళ్ళు ఒకసారైనా వెనక్కి చూస్తారంటారు. బండికి వెనక అద్దం లేదు. గేటు దగ్గర మలుపు తిరిగేదాకా చిన్నోడు తుంపరలో నిలబడ్డాడు. ఎడమ చెంప మీది నురుగు కరిగి కాలరు లోపలికి దిగింది.

వసారాలో బూరాయన గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఒరేయ్, సగం గడ్డం..." అనబోయి, అతని మొహం చూసి ఊరుకున్నాడు. చిన్నోడు ఆయన చెయ్యి పట్టుకుని మంచం దాకా నడిపించాడు. ఆ చెయ్యి తడిగా ఉంది, వణుకుతోంది. దాన్ని చాలాసేపు వదల్లేకపోయాడు.

సాయంత్రం ఆయమ్మ రేపటి కోసం దూది, సిరా బుడ్డి తెచ్చి బల్ల మీద పెట్టింది. దీపం వెయ్యమంటావా అంది. వద్దన్నాడు. ఇంకా వెలుతురుంది. అతను స్టూలు మీద, కుర్చీకి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. కుర్చీ చేతి మీద, నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు. దాని అంచు నుంచి ఒక్కో చుక్క ఇంకా కిందికి రాలుతూనే ఉంది.